వద్దులెండి, దాహం లేదు!

మన ఆడవాళ్ళకి ఒక అద్భుతమైన శక్తి ఉంది. ప్రయాణంలో దాహం వెయ్యదు. నమ్మకపోతే ఈసారి బస్సెక్కినప్పుడు గమనించండి. మే నెల, మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి కొలిమిలోంచి వచ్చినట్టు గాలి. పెద్దమనిషి సీసా ఎత్తి గటగటా తాగేస్తాడు. ఆయన భార్య ఒళ్ళో ఇంకో నిండు సీసా ఉంటుంది. అది పిల్లలకీ, మళ్ళీ ఆయనకీ. "నువ్వూ ఓ గుక్క తాగరాదూ?" అంటాడాయన, పాపం, మంచివాడే. "వద్దులెండి, దాహం లేదు" అంటుందావిడ. పెదవులు పిడచకట్టుకుపోయి ఉంటాయి. అయినా దాహం లేదు! మునులు ఏళ్ళ తరబడి తపస్సు చేసి సాధించినదాన్ని మనవాళ్ళు బస్సు మెట్టు మీద కాలు పెట్టేలోపల సాధించేస్తారు.

నేనూ ఆ తపస్వినుల్లో ఒకదాన్నే. కాలేజీ చదువుకి మొదటిసారి ఒంటరిగా బస్సెక్కినప్పుడు మా అమ్మ మూడు నీతులు చెప్పింది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. ఎవరేమిచ్చినా తినకు. దిగేదాకా నీళ్ళు తాగకు. మొదటి రెండూ మా తమ్ముడికీ చెప్పింది. మూడోది నాకొక్కదానికే. ఎందుకని నేనడగలేదు, ఆవిడా చెప్పలేదు. కొన్ని విషయాలు తల్లి చెప్పకుండానే కూతురికి తెలిసిపోవాలి కాబోలు!

బి.ఏ. చదివాను, ఉద్యోగం చేస్తున్నాను, నాలుగు నవలలు రాశాను. నా నవలల్లో కథానాయికలు మొగుళ్ళని ఎదిరించారు, అత్తగార్లని ఎదిరించారు, ఒకావిడ ఏకంగా ఇల్లే వదిలి వెళ్ళింది. పెట్టె సర్దుకుని అర్ధరాత్రి బస్సెక్కిన ఆవిడ మర్నాటిదాకా ఎక్కడా బాత్రూముకి వెళ్ళినట్టు నేను రాయలేదు. ఏ పాఠకురాలూ అడగలేదు. అందరం ఒకే బడిలో చదువుకున్నాం మరి.

నలభై దాటాక ఆ చదువు ఎలా వదిలిందో చెబుతాను, వినండి.

2024 మే 13న లోక్‌సభ ఎన్నికలు. నాకు డ్యూటీ పడింది. జహీరాబాద్ లోక్‌సభ స్థానం, బాన్సువాడ సెగ్మెంటు, నస్రుల్లాబాద్ వైపు. ముందు రోజు ఆదివారం బయల్దేరాను. ఆ రోజు మాతృదినోత్సవం అట. పొద్దుటే సెల్‌ఫోను నిండా అమ్మ దేవత, అమ్మ భూమి, అమ్మ ఆకాశం అంటూ పువ్వుల బొమ్మలు. భూదేవిని, ఆకాశాన్ని సంచీలో సర్దుకుని బస్టాండుకి వెళ్ళాను.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్టు లేదు. కార్డు చూపిస్తే కండక్టరు సున్నా వేసి ఒక చీటీ చింపి ఇస్తాడు. దాని మీద పుట్టిన జోకులన్నీ మీకు తెలుసు. ఆడవాళ్ళు కూరలో కరివేపాకు కోసం పక్క జిల్లాకి వెళ్ళొస్తున్నారట! సీట్లన్నీ వాళ్ళే ఆక్రమిస్తున్నారట! సరే, నవ్వుకున్నవాళ్ళని నవ్వుకోనిద్దాం. బస్సు మారడానికి మధ్యలో ఒక ఊరి బస్టాండులో దిగాను. తప్పనిసరై బాత్రూము వైపు వెళ్ళాను. గుమ్మంలో బల్ల వేసుకుని ఒకతను కూచున్నాడు.

"పది రూపాయలు."

పక్కనే మగవాళ్ళు జేబులో చెయ్యి పెట్టకుండానే వెళ్ళొస్తున్నారు. "వాళ్ళకి?" అన్నాను.

"వాళ్ళది వేరే కదా మేడమ్. యూరినల్‌కి పైసల్లేవు."

"మరి నేనూ దానికేగా!"

అతను నా వైపు జాలిగా చూశాడు. దేవుడు చేసిన తేడాకి తానేం చేస్తాడన్నట్టు. పది రూపాయలు ఇచ్చాను. లెక్క చూసుకుంటే ఆ రోజు నా ప్రయాణం ఖర్చు మొత్తం అదే. బస్సుకి సున్నా, బాత్రూముకి పది! లోపల కొళాయి ఉంది, నీళ్ళు లేవు. తలుపుంది, గడియ లేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుని... పోనివ్వండి. మీ అందరికీ తెలిసిన కసరత్తే. నేర్పిన గురువు లేకుండానే దేశంలో ఆడవాళ్ళంతా నేర్చుకున్న వ్యాయామం అది.

బాన్సువాడ దాటాక నస్రుల్లాబాద్. 2016లో జిల్లాల్ని విడదీసినప్పుడు నిజామాబాద్ జిల్లాలోంచి కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది, తానూ ఒక మండలమయింది. నిజాంసాగర్ నీళ్ళు పండించే నేల. మంజీర మీద ఆ ఆనకట్ట 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేశారు. ఆ నీళ్ళని చూసే కోస్తా జిల్లాల రైతులు ఎప్పుడో ఇటు వలసవచ్చి 'క్యాంపు'లు కట్టుకుని స్థిరపడ్డారు. మేం వెళ్ళేసరికి యాసంగి కోతలయిపోయి రోడ్డు పొడుగునా వడ్లు ఆరబోసి ఉన్నాయి. నీళ్ళ కోసం మనుషులు జిల్లాలు దాటి వచ్చిన చోటికి నేను నీళ్ళు తాగకుండా వెళ్ళాను. చిత్రంగా లేదూ?

మాకు పడిన బడి ఆ చుట్టుపట్ల ఒక పల్లెలోది. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఊరివాళ్ళు బాధపడతారు, మిగతా ఊళ్ళవాళ్ళు తమది కాదని సంతోషిస్తారు. రెండూ అనవసరం.

మా జట్టులో ఇద్దరం ఆడవాళ్ళం. రెండో అమ్మాయికి పాతికేళ్ళుంటాయి, కొత్తగా టీచరయింది. ఎన్నికల సంఘం నియమం ప్రకారం ప్రతి పోలింగు కేంద్రంలోనూ మంచినీళ్ళు, నీడ, వెలుతురు, వాలుబాట, మరుగుదొడ్డి ఉండాలి. మా కేంద్రంలో అన్నీ ఉన్నాయి. అబద్ధమెందుకు, మరుగుదొడ్డీ ఉంది. సున్నం కొట్టి, తలుపు మీద జడ వేసుకున్న ఆడపిల్ల బొమ్మ కూడా గీశారు. ఆ బొమ్మ మెడలో పతకంలా ఇంత తాళం వేలాడుతోంది.

తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాం. సెలవులు గదా, వాచ్‌మన్ దగ్గరుంటుందన్నారు. వాచ్‌మన్ ఊళ్ళో లేడన్నారు. అసలెందుకు వేశారంటే, "తాళం వెయ్యకుంటే ఖరాబు చేస్తరు మేడమ్" అన్నాడొక పెద్దాయన. నాకు మా అద్దాల బీరువాలోని పింగాణీ టీ సెట్టు గుర్తుకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో వచ్చింది. పగిలిపోతుందని ఇరవయ్యేళ్ళుగా బయటికి తియ్యలేదు. కప్పులు క్షేమం. వాటిలో టీ తాగినవాళ్ళెవరూ లేరు. మన దేశంలో ఆడవాళ్ళ బాత్రూములు చాలావరకు ఆ టీ సెట్టు లాంటివే సుమండీ.

మగవాళ్ళు ప్రహరీ గోడ చూసుకున్నారు. వాళ్ళకి గోడలకేం కొదవ? పట్నాల్లో అయితే ఇంటివాళ్ళు ఆ గోడల్ని కాపాడుకోవడానికి దేవుళ్ళ బొమ్మల టైల్సు అతికించుకుంటారు. మగవాళ్ళని ఆపడానికే దేవుడు దిగిరావాలి. మాకు దారి చూపించడానికి మాత్రం ఏ దేవుడికీ తీరిక లేదు.

చీకటి పడేదాకా ఓపిక పట్టాం. తర్వాత ఒకరికొకరు కాపలా కాస్తూ, సెల్‌ఫోను లైటు చేత్తో మూస్తూ, తేళ్ళకీ పాములకీ దండం పెడుతూ బడి వెనక్కి వెళ్ళాం. అంతవరకూ నన్ను 'మేడమ్' అంటున్న ఆ పిల్ల అక్కడ 'అక్కా' అంది. "అక్కా, నేను బయట చేరాను. ఇవాళ రెండో రోజు" అంది మెల్లగా. చూశారా మన భాష! ఉద్యోగానికి వెళ్తే 'బయటికెళ్ళడం'. పొలం గట్టుకి వెళ్ళినా 'బయటికెళ్ళడం'. ఆ మూడు రోజులూ 'బయట'. ఆ రాత్రి ఆ పిల్ల మూడు రకాలుగానూ బయటే ఉంది. లోపలికి వెళ్ళడానికి మాత్రం ఎక్కడా చోటు లేదు.

తెల్లవారుజామున మళ్ళీ చీకట్లోనే లేచాం. అయిదున్నరకి ఉత్తుత్తి పోలింగు, ఏడింటికి అసలు పోలింగు. నా వాటా సిరా సీసా. 1962 నుంచి మన ఎన్నికల్లో వాడుతున్న మైసూరు సిరా. ఎడంచేతి చూపుడు వేలు పట్టుకోవడం, గీత గియ్యడం. బాగానే ఉంది. బల్ల మీద మంచినీళ్ళ గ్లాసు ఉంది. దాని వంక చూడకుండా కూచున్నాను.

మాకు వండిపెట్టిన ఆవిడ బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడే. పన్నెండు దాటాక అన్నం పెట్టడానికొచ్చి నా ముందు నిలబడింది.

"పొద్దుగాల్నుంచి సూస్తున్న మేడమ్. గిలాస పెట్టింది పెట్టినట్లే ఉన్నది. దూప అయితలేదా?"

"వద్దులెండి, దాహం లేదు" అన్నాను, అలవాటు కొద్దీ.

ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వింది. "దూప గాకేంది! జాగ లేక. సిగ్గువడకుండ్రి, రాండ్రి మా ఇంటికి. ఆ పిల్లను గూడ తోల్కరాండ్రి."

నలభై ఏళ్ళ నా తపస్సు ఆవిడ రెండు మాటల్లో భంగం చేసింది. దూప గాక కాదు, జాగ లేక! నవలలు రాసిన నాకు ఇంత చక్కటి వాక్యం ఎప్పుడూ కుదరలేదు.

రెండు గదుల ఇల్లు. పెరట్లో చిన్న బాత్రూము. తలుపుంది, లోపల గడియ ఉంది, నిండుగా బకెట్టుంది. బిడ్డ పెద్దదయిందని గడియ తానే దగ్గరుండి పెట్టించుకుందట. ఒకరి తర్వాత ఒకరం వెళ్ళొచ్చాం. బయటికొచ్చి చెంబుడు నీళ్ళు ఎత్తి పట్టుకుని తాగాను. ఆ నీళ్ళ రుచి ఏం చెప్పను!

కథ ఇక్కడ ఆపేస్తే బాగుండేది. పల్లె మనసు ఎంత చల్లనిదో అని నాలుగు మాటలు రాసి ముగించేదాన్ని. కానీ అసలు సంగతి తర్వాత జరిగింది.

మధ్యాహ్నం మూడింటప్పుడు ఒకమ్మాయి వచ్చింది. నిండు నెలలు. గర్భిణులకి లైనుండదు, నేరుగా లోపలికి పంపుతారు. గుమ్మం దాకా వచ్చి, నా దగ్గరికి వంగి, "అక్కా, బాత్రూం యాడుంది?" అని అడిగింది. నేను చేతిలో సిరా పుల్లతోనే తాళం వైపు చూపించి, "లేదమ్మా, తాళం" అన్నాను. ఎంత సులభంగా అన్నానో! అప్పటికి నా అవసరం తీరిపోయింది కదా. ఆ పిల్ల ఒక్క క్షణం నిలబడింది. "ఇంటికి పోయొస్తా" అని వెళ్ళింది. ఇల్లెక్కడమ్మా అంటే ఊరి చివర క్యాంపు అన్నారెవరో. ఆ ఎండలో, ఆ ఒంటితో, అంత దూరం పోయి మళ్ళీ రావాలి.

ఆరు గంటలదాకా గుమ్మం వైపే చూశాను. రాలేదు.

ఆ రోజు ఎన్ని వందల వేళ్ళ మీద గీత గీశానో నాకు గుర్తులేదు. గియ్యని ఆ ఒక్క వేలు మాత్రం గుర్తుంది.

ఆ పిల్ల వెళ్ళిన అరగంటకి లేచాను. ప్రిసైడింగ్ ఆఫీసరు గారి దగ్గరికెళ్ళి, ఏజెంట్లందరూ వింటుండగా, గొంతు తగ్గించకుండా చెప్పాను. "సార్, ఆడవాళ్ళ బాత్రూముకి తాళం ఉంది. నిన్నటినుంచీ మేమిద్దరం ఇబ్బంది పడుతున్నాం. ఇప్పుడొక గర్భిణి ఓటెయ్యకుండా వెళ్ళిపోయింది. తాళం తీయించండి, లేకపోతే పగలగొట్టించండి." గదంతా నిశ్శబ్దం. ఆయన మొహం ఎర్రబడింది. "అయ్యో మేడమ్, నిన్ననే చెప్పాల్సింది కదా!" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి తట్టలేదు, అంతే. ఊళ్ళో ఎవరో రాయి తెచ్చి నాలుగు దెబ్బలేశారు. తాళం ఊడింది. అయిదు నిమిషాల పని!

అయిదు నిమిషాల పనికి నేను ఇరవై గంటలకి పైగా నోరు మూసుకున్నాను. సిగ్గు నాది. దాని ఖరీదు కట్టింది ఆ పిల్ల. ఇది నా ఒక్కదాని గొడవ కాదనీ, మనం మర్యాద అనుకుంటున్న మౌనం మన వెనక వచ్చే ఇంకో ఆడదాని మొహాన వేసే తాళమనీ అప్పుడు తెలిసింది నాకు.

"ఇలాంటివి పత్రికలో రాసుకుంటారా, ఛీ!" అనే అక్కయ్యలుంటారు. నాకు తెలుసు. వాళ్ళకో సంగతి చెబుతాను. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ బాబు రైల్వే వాళ్ళకొక ఉత్తరం రాశాడు. పనసపండు తిని కడుపుబ్బరమై, అహ్మద్‌పూర్ స్టేషన్లో చెంబు పట్టుకుని దిగితే, గార్డు ఈల వేశాడట. ఈయన ఒక చేత చెంబు, ఒక చేత పంచె పట్టుకుని పరుగెత్తి ప్లాట్‌ఫారం మీద బోర్లా పడ్డాడట. వచ్చీరాని ఇంగ్లీషులో సిగ్గుపడకుండా అంతా రాశాడు. కింది తరగతి పెట్టెల్లో పాయిఖానాలు రావడానికి ఆ ఉత్తరమే కారణమని ఇప్పటికీ చెప్పుకుంటారు. సరిగ్గా అదే 1909లో లండన్లో బెర్నార్డ్ షా ఒక వ్యాసం రాశాడు. ఆయన అంతకు ముందు అక్కడ స్థానిక సభలో సభ్యుడు. ఆడవాళ్ళకి వీధి మరుగుదొడ్డి కావాలంటే సభలోని పెద్దమనుషులు ఎలా ముఖం చిట్లించారో చూసినవాడు. నోటితో చెప్పలేని ఈ సంగతి కోసమైనా ఆడవాళ్ళకి ఓటు ఉండాలని ఆయన వాదన. నూటపదిహేనేళ్ళ తర్వాత మనకి ఓటుంది. ఆ ఓటు వెయ్యబోయిన మనిషి తాళం చూసి వెనక్కెళ్ళింది. షా గారు ఉంటే ఏమనేవాడో!

కట్టడం లేదని నేననను. 2014 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధానమంత్రి ప్రతి బడిలోనూ ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి ఏడాదిలో ఉండాలన్నారు. ఆ అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయింది. ఇంటింటికీ కట్టారు. నాకు నీళ్ళిచ్చిన ఆవిడ పెరట్లోదీ ఆ రోజుల్లో కట్టుకున్నదేనట. మంచిదే, చేతులెత్తి దండం పెడతాను. కానీ కట్టినవాటిని లెక్కపెట్టే అధికారి ఉన్నాడు. తెరిచి ఉన్నవాటిని లెక్కపెట్టేవాడేడీ? కాగితం మీద 'ఉంది' అన్న మాట అబద్ధం కాదు. ఉంది. మా టీ సెట్టూ ఉంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు, దేశంలోని కోర్టులన్నిటిలోనూ ఆడ, మగ, వికలాంగులకీ, ట్రాన్స్‌జెండర్లకీ మరుగుదొడ్లు ఉండాలనీ, అది జీవించే హక్కులో భాగమనీ తీర్పు చెప్పింది. న్యాయం చెప్పే చోటికే ఈ తీర్పు అవసరమయిందంటే, ఇక బస్టాండుల మాటా, సంతల మాటా ఎవరడగాలి?

ఇక ఆ జోకులు వేసేవాళ్ళకి ఒక మాట. ఆడవాళ్ళకి ఉచిత బస్సు ఢిల్లీలో 2019లో, తమిళనాడులో 2021లో, కర్ణాటకలో, మన తెలంగాణలో 2023లో వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. ఆడది ఇల్లు దాటాలని సర్కార్లే టికెట్టు కొంటున్నాయి. మరి బస్సు నిండా జనాన్ని దింపిన చోట వాళ్ళెక్కడికి పోవాలో చూడొద్దా? పిలిచి పీట వేసి, విస్తరి వెయ్యకపోతే అది భోజనమవుతుందా? సున్నా టికెట్టు అంటున్నారు గానీ ఆడది టికెట్టు కొంటూనే ఉంది. తాగని నీళ్ళతో కొంటోంది. ఆ బాకీ ఏ డాక్టరు దగ్గరికో వెళ్ళినప్పుడు, మూత్రంలో మంట అనో, కిడ్నీలో రాయి అనో వడ్డీతో సహా తీర్చుకుంటోంది.

"డబ్బులెక్కడివి, శుభ్రం చేసేదెవరు?" అంటారు. శుభ్రం చేసే మనిషికి సరైన జీతం, చేతికి తొడుగు, మన నోటినుంచి ఒక మంచి మాట ఇవ్వండి. ఆవిడా ఆడదే, ఆవిడా పొద్దుటినుంచీ నీళ్ళు తాగి ఉండదు. పాలరాయి గోడలు మేమడగలేదు. తెరిచి ఉన్న తలుపు, లోపల గడియ, ఒక బల్బు, ఒక బకెట్టు నీళ్ళు, ఆ మూడు రోజుల వాళ్ళకి మూతున్న ఒక డబ్బా. మగవాళ్ళకి లేని పది రూపాయలు మాకూ ఉండకూడదు. ఇంతే.

మనం చెయ్యాల్సిందీ ఒకటుంది. అడగడం. చెవిలో కాదు, నలుగురిలో. కండక్టరుని, ఆఫీసరుని, హెడ్మాస్టరుని, సర్పంచిని "తాళంచెవి ఎక్కడ?" అని మామూలు గొంతుతో అడగడం. 'ఫ్రెష్ అవ్వాలి' అనకండి, వాళ్ళు మొహం కడుక్కోమంటారు. ఉన్న మాట ఉన్నట్టు అనండి. ఒకసారి మొహం ఎర్రబడుతుంది, మనదీ, వాళ్ళదీ. రెండోసారి తాళం వెయ్యడానికి ఆలోచిస్తారు.

మొన్న మా అమ్మాయి కాలేజీకి బయల్దేరుతుంటే గుమ్మంలో నిలబడి మా అమ్మలాగే మూడు నీతులు చెప్పాను. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకు. ఎవరేమిచ్చినా తినకు. మూడోది నోటిదాకా వచ్చి ఆగింది. సీసా నింపి దాని చేతికిచ్చాను.

"దూప అయితే తాగు. తాళం ఉంటే అరువు" అన్నాను.